జాదుగూడ గనియు అణ్వాయుధ నియంత్రణమును

జంషెడ్‌పూర్ నగరము ఉక్కు కొఱకు పుట్టినది. దానికి ఆ పేరు మాత్రము యుద్ధము వలన వచ్చినది. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ స్థాపితమైన పిమ్మట, సువర్ణరేఖా, ఖర్కాయీ నదులు కలియు చోటికి చేరువనున్న సాక్చీ గ్రామమున కొలుములు లేచెను. 1912లో అచ్చట ఉక్కు తయారయ్యెను. మొదటి ప్రపంచ యుద్ధమున ఆ కర్మాగారము నుండి వెళ్లిన రైలు పట్టాలు బ్రిటిషు సైన్యములకు చేసిన ఉపకారమును కొనియాడుచు, 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్జీ టాటా పేరు పెట్టెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఇచ్చటి ఉక్కుతోనే ‘టాటానగర్’ అను కవచపు మోటారు బండ్లు తయారై రణరంగములకు పోయెను. ఉత్తరాంధ్ర జిల్లాల నుండి పొట్ట చేతపట్టుకొని వచ్చిన తెలుగు కుటుంబములు అనేకము ఈ కొలుముల చుట్టునే స్థిరపడెను. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరము ఆ వలసకు నేటికిని సాక్షిగా నిలిచియున్నది.

ఒకే లోహము శాంతికాలమున పట్టాయగును, యుద్ధకాలమున కవచమగును. ఇనుము విషయమున మానవుడు ఈ సంగతికి ఎన్నడో అలవాటు పడినాడు. కాని జంషెడ్‌పూర్‌కు సుమారు 25 కిలోమీటర్ల దూరమున, అదే సింగ్‌భూమ్ కొండలలో దొరకు మరియొక లోహము విషయమున అట్లు అలవాటు పడి యూరకుండుటకు వీలులేదు. ఆ లోహము యురేనియము. ఆ చోటు జాదుగూడ.

ఆ ప్రాంతము పూర్వము రాగికి ప్రసిద్ధము. మోసాబనీ గనులు, ‘పథేర్ పాంచాలీ’ రచయిత విభూతిభూషణ్ బందోపాధ్యాయ 1950లో కన్నుమూసిన ఘాట్‌శిలా పట్టణము ఆ రాగి పట్టీలోనివే. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత భూగర్భశాస్త్రజ్ఞుడు డి. ఎన్. వాడియా నాయకత్వమున అణుఖనిజముల అన్వేషణ మొదలయ్యెను. 1951లో జాదుగూడయందు యురేనియము నిక్షేపము బయల్పడెను. 1967 అక్టోబరు 4న భారత యురేనియము కార్పొరేషను ఆ ఊరిలోనే స్థాపితమయ్యెను. తరువాతి దశాబ్దములలో భాటిన్, నర్వాపహాడ్, తురామ్‌డీహ్, బగ్జాతా మొదలగు గనులు దానికి తోడయ్యెను. తురామ్‌డీహ్ ఐతే టాటానగర్ రైలు స్టేషనుకు మరింత చేరువ.

ఈ అన్వేషణకును ఉక్కునగరమునకును సంబంధము భౌగోళికము మాత్రమే కాదు. 1944 మార్చి 12న హోమీ భాభా సర్ దొరాబ్జీ టాటా ట్రస్టునకు లేఖ వ్రాసి, భౌతికశాస్త్రమున ఉన్నత పరిశోధనకు ఒక సంస్థ కావలెనని కోరెను. దాని ఫలితముగా 1945లో టాటా మౌలిక పరిశోధనా సంస్థ ఏర్పడెను. భారతదేశపు అణుశాస్త్రము దాని ఒడిలోనే పెరిగెను. ఉక్కు వలన కూడిన సంపద విజ్ఞానమును పోషింపగా, ఉక్కునగరపు పొరుగునున్న కొండ దానికి ముడిసరకు నిచ్చెను.

ఆ ముడిసరకు స్వరూపమును తెలిసికొననిదే తక్కిన కథ బోధపడదు. సింగ్‌భూమ్ రాయి బీదరాయి. వేయి కిలోల రాతిని పిండి చేసి, ఆమ్లముతో కరగించి, వడకట్టినచో దక్కు యురేనియము అరకిలోకు అటునిటుగా నుండును. మిగిలినదంతయు బురద. దక్కిన పదార్థము పసుపుపచ్చని పొడి రూపమున హైదరాబాదునకు పంపబడును. అచ్చట 1971లో నెలకొన్న అణు ఇంధన సముదాయము దానిని శుద్ధిచేసి, రియాక్టర్లకు ఇంధనముగా మలచును. ఈ విధముగా సింగ్‌భూమ్ కొండకును తెలుగునేలకును అర్ధశతాబ్దికి పైబడిన బంధము కలదు.

ఇట్టి గనులను ఎవరు కాపాడవలెను, ఎవరు లెక్క చూడవలెను అను ప్రశ్న జాదుగూడ గని కంటె పాతది. 1946 మార్చిలో అమెరికా ప్రభుత్వము కొఱకు ఆచెసన్, లిలియెంథాల్ అనువారి పేర ఒక నివేదిక వెలువడెను. హిరోషిమా బాంబు నిర్మాణమునకు నాయకత్వము వహించిన ఒపెన్‌హైమర్ ఆలోచనలే దానికి ప్రాణము. ప్రపంచములోని యురేనియము, థోరియము గనులన్నియు ఒక అంతర్జాతీయ సంస్థ చేతిలో నుండవలెనని ఆ నివేదిక సూచించెను. దేశదేశమునకు తనిఖీదారులను పంపి, దాచిన బాంబులను వెదకుట కంటె, బాంబునకు దారితీయు పనినంతటిని మొదటి మెట్టు నుండియే ఏ ఒక్క రాజ్యమునకును స్వంతము కాకుండ చేయుట మేలని దాని భావము. జూన్ 14న బెర్నార్డ్ బరూక్ ఈ సూచనను కొంత మార్చి ఐక్యరాజ్యసమితి ముందుంచెను. ఐదు దినముల తరువాత సోవియట్ ప్రతినిధి గ్రొమికో, ముందుగా ఉన్న బాంబులను నాశనము చేయవలెనని ప్రతిపాదించెను. ముందు కాపలా, పిదప బాంబుల నాశనము అని ఒకరు. ముందు నాశనము, పిదప కాపలా అని మరియొకరు. జూలై 1న అమెరికా బికినీ దీవియందు మరల బాంబు పేల్చెను. 1949 ఆగస్టు 29న సోవియట్ రష్యాయు పేల్చెను. గని మొదలుకొని బాంబు వరకు ఒకే తాళము వేయవలెనన్న ఆలోచన అంతటితో అడుగంటెను.

ఆ తరువాత భారతదేశము తన వాదమును వినిపించెను. 1954 ఏప్రిల్ 2న నెహ్రూ లోక్‌సభయందు మాటలాడుచు, అణు పరీక్షలను వెంటనే నిలిపివేయు ఒప్పందము కావలెనని కోరెను. ఆ రీతిగా పరీక్షల నిలుపుదల కొఱకు పిలుపునిచ్చిన తొలి దేశాధినేతలలో ఆయన ఒకడు. 1955లో జెనీవాయందు అణుశక్తి శాంతియుత వినియోగమును గూర్చిన మహాసభకు భాభా అధ్యక్షత వహించెను. 1956లో న్యూయార్కున అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిబంధనావళి చర్చకు వచ్చినప్పుడు, సహజ యురేనియము వంటి మూలపదార్థములకు సైతము అంతర్జాతీయ తనిఖీ అవసరమను ప్రతిపాదనను భారతదేశము ప్రతిఘటించెను. బాంబులు గల రాజ్యముల నిల్వలను ముట్టక, క్రొత్తగా స్వాతంత్ర్యము పొందిన దేశముల నేలలోని రాతికి కాపలా పెట్టుట న్యాయము కాదన్నది ఆ ప్రతిఘటనకు ఆధారము. ఆ వాదమున న్యాయము లేదనుట కష్టము. కాని ఆ న్యాయము రెండువైపుల పదునుగల కత్తి వంటిది. తనిఖీ లేని రాయి విద్యుత్తునకే పోవునని ఎవ్వరును హామీ యీయలేరు. 1974 మే 18న పోఖ్రాన్ నేల కంపించెను. 1998 మే 11, 13 తేదీలలో మరల కంపించెను. ఈ నడుమ, 1988 జూన్ 9న, రాజీవ్ గాంధీ ఐక్యరాజ్యసమితిలో 2010 నాటికి లోకమును అణ్వాయుధరహితము చేయు ప్రణాళిక నుంచెను. నిరాయుధీకరణమును కోరిన వాణియు, ఆయుధమును చేపట్టిన హస్తమును ఒకే దేశమునకు చెందినవి. చరిత్రకారుడు ఈ రెంటిలో దేనిని గూడ మరుగుపరుపరాదు.

పందొమ్మిది వందల తొంబదుల నుండి క్రొత్త భయమొకటి తలయెత్తెను. సోవియట్ రాజ్యము 1991లో విచ్ఛిన్నమైనప్పుడు, దాని అణుసంపద కాపలా లేని గిడ్డంగులలో పడియుండెనను వార్తలు వచ్చెను. రాజ్యము గాని, సరిహద్దు గాని లేని ముఠా చేతికి అట్టి పదార్థము చిక్కినచో ఏమగును? ప్రతీకారము చేయుదుమని బెదరించుటకు దానికి రాజధాని లేదు. ఒకరిని మరియొకరు భయపెట్టి నిలుపుకొను పాతనీతి అచ్చట పనికిరాదు.

ఈ భయము సింగ్‌భూమ్ పరిసరములను గూడ తాకెను. 2021 మే నెలలో మహారాష్ట్ర పోలీసులు ముంబయిలో ఇద్దరి వద్ద ఏడు కిలోల సహజ యురేనియమును పట్టుకొనిరి. మరుసటి నెలలో జంషెడ్‌పూర్ గల జార్ఖండ్ రాష్ట్రముననే, బొకారో జిల్లాలో, ఆరు కిలోలకు మించిన పదార్థమును యురేనియమను అనుమానముతో పట్టుకొని ఏడుగురిని నిర్బంధించిరి. పత్రికలలో పెద్ద అక్షరములు వెలసెను. పొరుగుదేశము ఆందోళన ప్రకటించెను. అణుశక్తి విభాగము పరీక్షించి చూడగా, బొకారోలో దొరకినది యురేనియమును కాదు, రేడియోధార్మికతయు దానికి లేదు అని తేలినట్లు విదేశాంగ శాఖ ప్రకటించెను.

ఆ రెండు సంఘటనలు చెప్పు పాఠమొకటి కలదు. సహజ యురేనియములోని ప్రతి వేయి పరమాణువులలో బాంబునకు పనికివచ్చు జాతివి ఏడు మాత్రమే. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ఏ పదార్థము ఎంత మాయమైనచో ఒక బాంబు తయారగు అవకాశమున్నదో లెక్క కట్టియున్నది. ఆ లెక్క ప్రకారము ప్లుటోనియమైనచో 8 కిలోలు. అధికముగా శుద్ధియైన యురేనియమైనచో, అందలి పనికివచ్చు భాగము 25 కిలోలు. సహజ యురేనియమైనచో 10 టన్నులు, అనగా పదివేల కిలోలు. ముంబయిలో దొరకిన ఏడు కిలోలు ఈ లెక్కలో వేయింట ఒక వంతైనను కాదు. పది టన్నులు చేజిక్కినను పని ముగియదు. దానిని శుద్ధిచేయు వేలాది యంత్రములో, ప్లుటోనియముగా మార్చు రియాక్టరో కావలెను. అట్టి నిర్మాణము ఇంతవరకు రాజ్యములకే సాధ్యమైనది.

అనగా జాదుగూడ రాతికిని బాంబునకును నడుమ నున్న దూరమును దొంగ నడువలేడు, రాజ్యమే నడువగలదు. దొంగకు కావలసినది రాయి కాదు, రాజ్యము చేసిపెట్టిన వస్తువు. రాజ్యము చేయనిదానిని దొంగ దొంగిలింపలేడు.

అణుబాంబు వేరు, రేడియోధార్మిక పదార్థమును వెదజల్లు బాంబు వేరు అనునది గూడ గుర్తింపవలెను. ఆసుపత్రులలో, కర్మాగారములలో, ప్రయోగశాలలలో వాడు కోబాల్టు, సీజియము వంటి పదార్థములు నగరమును బూడిద చేయజాలవు. కాని మనుష్యులను చంపగలవు, వీధులను వాసయోగ్యము కాకుండ చేయగలవు. 2010లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము బజారుకు ఒక పాత ప్రయోగశాలా యంత్రముతో పాటు కోబాల్టు వచ్చిచేరెను. దానిని విడదీసిన కూలీలు జబ్బుపడిరి, ఒకడు మరణించెను. అందులో కుట్ర లేదు, అజాగ్రత్త మాత్రమే. పాత ఇనుమును కరగించి బ్రతుకు ప్రతి పట్టణమునకు ఈ హెచ్చరిక వర్తించును.

ప్రపంచరాజ్యములు ఈ అపాయమును గుర్తింపకపోలేదు. అణుపదార్థముల రక్షణమును గూర్చిన అంతర్జాతీయ ఒడంబడిక 1980లో సంతకములకు సిద్ధమై, 1987లో అమలులోనికి వచ్చెను. మొదట అది దేశదేశముల నడుమ రవాణాకే ప్రధానముగా వర్తించెను. 2005లో చేసిన సవరణ దేశములోపలి రక్షణకును దానిని విస్తరింపజేసెను. ఆ సవరణ అమలగుటకు 2016 మే 8 వరకు, అనగా పదకొండేండ్లు పట్టెను. 2004 ఏప్రిల్ 28న భద్రతామండలి 1540వ తీర్మానము చేసి, ఇట్టి ఆయుధములు రాజ్యేతరుల చేతికి పోకుండ ప్రతి దేశమును చట్టము చేసికొనవలెనని ఆదేశించెను. భారతదేశము 2005లో అట్టి చట్టము చేసెను. అణు ఉగ్రవాద నిరోధక ఒడంబడిక సైతము ఆ 2005లోనే ఐక్యరాజ్యసమితి ఆమోదము పొందెను. భారతదేశము దానిని మరుసటి సంవత్సరము ధ్రువపరచెను. ఉగ్రవాదులకు సర్వనాశక ఆయుధములు చిక్కకుండ చూడవలెనను తీర్మానమును 2002 మొదలుకొని సర్వప్రతినిధి సభలో ప్రవేశపెట్టుచు వచ్చినది భారతదేశమే. 2010 నుండి 2016 వరకు వాషింగ్టన్, సియోల్, హేగ్, మరల వాషింగ్టన్ నగరములలో నాలుగు శిఖరాగ్ర సభలు జరిగెను. వాని ఫలితములు మాటలకే పరిమితము కాలేదు. ఉక్రెయిన్ తన వద్ద నున్న అధికశుద్ధి యురేనియము నంతటిని 2012 నాటికి పంపివేసెను. 1956లో ఆసియాలోనే మొదటి రియాక్టరుగా ట్రాంబేలో వెలసిన ‘అప్సర’ అట్టి యురేనియముతోనే నడచెడిది. 2018లో దాని స్థానమున నెలకొన్న క్రొత్త అప్సర తక్కువ శుద్ధి యురేనియముతో పనిచేయునట్లు నిర్మింపబడెను.

ఐనను ఒడంబడికల భాషను శ్రద్ధగా చదువువారికి ఒక సంగతి స్పష్టమగును. 1980 నాటి ఒడంబడిక ‘అణుపదార్థము’ అను మాటకు అర్థము చెప్పుచు, ముడిఖనిజ రూపమున నున్న యురేనియమును వదలివేసినది. శాంతియుత వినియోగమునకు ఉద్దేశించిన పదార్థమునకే అది వర్తించును. సైన్యముల చేతిలోనిది దాని పరిధికి వెలుపల నున్నది. ప్రపంచమున నున్న అధికశుద్ధి యురేనియములో పెక్కువంతు సైన్యములదే. అనగా గొలుసులో మొదటి కడియమును చివరి కడియమును వదలి, నడిమి కడియములకే తాళము పడినది. మొదటి కడియము వదలబడుటలో పెద్ద అపాయము లేదు. రాయి బాంబు కాదు గదా. చివరిది వదలబడుటలోనే అపాయమంతయు నున్నది. దొంగకు కావలసిన వస్తువు అచ్చటనే కుప్పపడియున్నది.

కనుక అణు ఉగ్రవాద నివారణమును అణ్వాయుధముల తగ్గింపును వేరువేరు పనులుగా ఎంచుట పొరపాటు. కాపలా ఎంత గట్టిదైనను ఏనాటికైన అలసిపోవును. లేని వస్తువునకు కాపలాయే అక్కరలేదు. ఇది కేవలము ఆదర్శవాదము కాదనుటకు చరిత్రలో నిదర్శనము కలదు. 1994లో కజకిస్తాన్ ప్రభుత్వము తన నేలపై మిగిలిన సుమారు 600 కిలోల అధికశుద్ధి యురేనియమును అమెరికాకు అప్పగించి కడతేర్చెను. 1996 నాటికి కజకిస్తాన్, ఉక్రెయిన్, బెలారస్ దేశములు తమకు వారసత్వముగా వచ్చిన బాంబులను విడనాడెను. 1993లో రష్యా, అమెరికాలు చేసికొన్న ఒప్పందము ప్రకారము, 20,000 బాంబులకు సరిపోవు 500 టన్నుల రష్యా యురేనియము పలుచబరుపబడి అమెరికా విద్యుత్ కేంద్రములకు ఇంధనమయ్యెను. 2013 వరకు సాగిన ఆ కాలమున అమెరికాలోని విద్యుద్దీపములలో సుమారు పదింట ఒకటి ఆ ఇంధనముతో వెలిగినదే. రాయి నుండి బాంబునకు పోయిన బాటనే మానవుడు వెనుకకు నడిచి వచ్చినాడు. 1986 ప్రాంతమున 70,000 దాక నుండిన బాంబులు నేడు పన్నెండు వేలకు పైచిలుకుగా నున్నవి.

కాని వెనుకకు నడచుట సగములో ఆగినది. అమెరికా, రష్యాల బాంబులకు పరిమితి విధించిన చివరి పెద్ద ఒప్పందపు గడువు 2026 ఫిబ్రవరి 5తో తీరినది. 2017లో ఐక్యరాజ్యసమితిలో ఆమోదము పొంది, 2021 జనవరి 22 నుండి అమలులోనున్న అణ్వాయుధ నిషేధ సంధిలో బాంబులు గల ఏ రాజ్యమును చేరలేదు, భారతదేశమును చేరలేదు. 2006 నాటి ప్రణాళికలో భారతదేశము అప్పటి 22 రియాక్టర్లలో 14ను అంతర్జాతీయ తనిఖీ క్రిందికి తెచ్చుటకు అంగీకరించెను. తక్కినవి వెలుపలనే నిలిచెను. కజకిస్తాన్ నుండియు కెనడా నుండియు కొనివచ్చు యురేనియమునకు అంతర్జాతీయ లెక్క కలదు. జాదుగూడ యురేనియమునకు అట్టి లెక్క చూపనక్కరలేదు. 1956లో కోరుకొన్న స్వేచ్ఛ నేటికిని చెల్లుచున్నది.

గనిముఖమున నివసించు వారిని గూర్చి చెప్పనిదే ఈ చరిత్ర పూర్తికాదు. సంతాల్, హో జాతుల ఆదివాసులు ఆ కొండల ప్రాచీన నివాసులు. రాయి పోగా మిగిలిన బురద వారి ఊళ్ల నడుమ చెరువులుగా నిలిచినది. గనుల వలన రోగములు, అంగవైకల్యములు కలుగుచున్నవని వారు దశాబ్దములుగా మొరపెట్టుకొనిరి. కార్పొరేషను దానిని అంగీకరింపలేదు. సుప్రీంకోర్టు 2004లో ఈ విషయమై వచ్చిన ప్రజాప్రయోజన వ్యాజ్యమును కొట్టివేసెను. 2006 డిసెంబరులో బురదను మోయు గొట్టము డుంగ్రీడీహ్ గ్రామము వద్ద పగిలి, ఆ బురద వాగులోనికి పారెను. తెలుగునాట కడప జిల్లా తుమ్మలపల్లెలో అదే కార్పొరేషను గని తెరచిన తరువాత, చుట్టుపట్ల రైతులు తమ బోరు నీటిని గూర్చి అట్టి మొరయే వినిపించిరి. 2019లో నల్లమలలో యురేనియము త్రవ్వరాదని జనము ఉద్యమింపగా, సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ ఆ త్రవ్వకములకు వ్యతిరేకముగా తీర్మానించెను.

భద్రత అను మాటకు సంపూర్ణార్థము ఇచ్చటనే తెలియును. ప్రపంచ రాజధానులలో భద్రత అనగా పదార్థము దొంగచేతికి పోకుండుట. డుంగ్రీడీహ్ తల్లికి భద్రత అనగా వాగులోని నీరు బిడ్డ త్రాగదగియుండుట. రెండును అణుభద్రతలే. మొదటిదానికి శిఖరాగ్ర సభలు జరిగినవి, రెండవదానికి జరుగలేదు.

రాజ్యములు పరస్పరము నమ్మకపోయినను కలిసి పనిచేయగలవనుటకు చిన్న దృష్టాంతము మన ఉపఖండముననే కలదు. 1988 డిసెంబరు 31న భారత, పాకిస్తాన్ దేశములు ఒకరి అణుకేంద్రములపై మరియొకరు దాడి చేయరాదని ఒప్పందము చేసికొనెను. 1992 మొదలుకొని ప్రతి జనవరి 1న ఆ కేంద్రముల జాబితాలను ఒకరికొకరు అందించుకొనుచున్నారు. కార్గిల్ యుద్ధము జరిగినను, ముంబయిపై దాడి జరిగినను ఆ ఆచారము తప్పలేదు. ఆ జాబితా ఒక్క బాంబునైనను తగ్గింపలేదు. కాని శత్రువునకు సైతము ఒక లెక్క చెప్పవచ్చునని అది నేర్పినది. నేడు చెప్పుచున్నది కేంద్రముల పేర్లు మాత్రమే. ఆ కేంద్రములలో ఏమున్నది, ఎంతయున్నది, అందులో ఏటేట ఎంత తగ్గినది అని చెప్పు దినము వచ్చువరకు, కాపలాదారుకు విశ్రాంతి లేదు. గనిముఖమున నున్న వారికి నెమ్మది లేదు.